ఓడలో కరెంటు పోయాక మొదటి 45 సెకన్లు: నౌకా యజమానులకు, షిప్‌యార్డులకు, క్లాస్ సొసైటీలకు బహిరంగ లేఖ

నౌకా యజమానులకు, షిప్‌యార్డుల ఎలక్ట్రికల్ డిజైన్ విభాగాలకు, ఓడలు ప్రమాణాలకు తగ్గట్టున్నాయని ధ్రువీకరించే క్లాస్ సొసైటీల్లో డ్రాయింగులు ఆమోదించే అధికారులకు నమస్కారం.

2024 మార్చి 26 తెల్లవారుజామున బాల్టిమోర్ రేవు దాటుతున్న డాలి అనే కంటెయినర్ ఓడలో కరెంటు పోయింది. అదుపు తప్పిన ఓడ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని గుద్దింది. వంతెన మీద మరమ్మతు పని చేస్తున్న ఆరుగురు చనిపోయారు. ఆ ఓడలో జనరేటర్లు నాలుగు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు చివరికి ఒక సన్నని సిగ్నల్ తీగ దగ్గర ఆగింది. తీగకు తొడిగిన నంబరు పట్టీ అడ్డుపడటంతో ఆ తీగ స్ప్రింగు టెర్మినల్‌లోకి పూర్తిగా దిగలేదు. అది వదులైంది. 6,600 వోల్టులను 440 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్ బ్రేకర్ తెరుచుకుంది, అంటే కరెంటును తెంపేసింది. ఓడంతా కరెంటు పంచే 440 వోల్టుల బస్‌బార్‌తో పాటు పంపులూ ఆగాయి, కూలింగ్ నీటి ఒత్తిడి పడిపోయి ప్రధాన ఇంజను దానంతటదే నిలిచిపోయింది. సిబ్బంది కరెంటును వెనక్కి తెచ్చారు. కానీ నడుస్తున్న జనరేటర్లకు ఇంధనం అందించేందుకు వాడుతున్నది అసలు సరఫరా పంపు కాదు, గొట్టాలను కడగడానికి ఉద్దేశించిన ఫ్లషింగ్ పంపు. కరెంటు తిరిగి వచ్చినా దానంతటది మొదలయ్యే ఏర్పాటు దానికి లేదు. ఇంధనం ఒత్తిడి తగ్గి ఓడ రెండోసారి చీకటైంది.

కరెంటు పోయాక 45 సెకన్లలోపు ఎమర్జెన్సీ జనరేటర్ అందుకోవాలన్నది నియమం. ఈ లేఖలో మేము అడుగుతున్నది ఒక్కటే. ఓడలో జనరేటర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే మీరు, ఆ జనరేటర్లన్నీ కలిసి ఆధారపడినవి ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టండి. ఆ లెక్క సరైనదేనని ఓడను అప్పగించే ముందు నిజంగా చీకటి చేసి చూపించండి.

మొదట లోడు పట్టిక సంగతి. ఓడల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ రెండో అధ్యాయం మొదటి భాగంలోని 41వ నిబంధన ప్రకారం ఏ ఒక్క జనరేటర్ ఆగినా మిగిలినవాటితో ఓడ మామూలుగా నడవాలి, భద్రతకు కావలసినవన్నీ పనిచేయాలి. డిజైన్ విభాగాలు దీన్ని కూడిక, తీసివేతలతో తేల్చేస్తాయి. 1,000 కిలోవాట్ల జనరేటర్లు మూడున్న ఓడలో, ఓడ ముందు భాగాన్ని పక్కకు నెట్టే బౌ థ్రస్టర్‌తో కలిపి రేవు ప్రవేశానికి 1,450 కిలోవాట్లు కావాలనుకుందాం. రెండు నడుస్తాయి, మూడోది స్టాండ్‌బై. కాగితం మీద ఇబ్బందేమీ కనపడదు. కానీ నడుస్తున్న రెండింటిలో ఒకటి ట్రిప్ అయిన (రక్షణ దాన్ని విడదీసిన) క్షణంలో మిగిలినదాని మీద 145 శాతం లోడు పడుతుంది. స్టాండ్‌బై ఇంజను లేచి, నడుస్తున్నదాని లయకు సరితూగి (సింక్రనైజై), బస్‌బార్‌కు అందడానికి 20 నుంచి 30 సెకన్లు పడుతుంది. ఈలోగా టర్బోచార్జర్ గాలి అందించే వేగానికి మించి ఇంజను ఇంధనం కాల్చలేదు. తిరిగే చక్రాల్లో దాచుకున్న శక్తి హరించుకుపోయి, 60 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ ఒకటి రెండు సెకన్లలోనే 54 కిందికి జారిపోతుంది. ప్రాధాన్యం లేని లోడును వదిలించే ప్రిఫరెన్షియల్ ట్రిప్‌లను చాలా ఓడల్లో 5, 10, 15 సెకన్ల ఆలస్యానికి సెట్ చేస్తారు. 110 శాతం లోడుకు అవి సరిపోతాయి. 145 శాతానికి మొదటి మెట్టు కదిలే సరికే ఆట ముగుస్తుంది.

కాబట్టి పెద్ద లోడును వదిలించే ఆదేశం కరెంటు పెరిగిందని గమనించాక రాకూడదు. జనరేటర్ బ్రేకర్ తెరుచుకుందన్న సంకేతంతోనే, అదే క్షణంలో రావాలి. థ్రస్టర్‌కు మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్ ఉంటే దాని శక్తి పరిమితి అర సెకనులోపే తగ్గాలి. డ్రైవ్ లేని థ్రస్టర్ అయితే బ్రేకరే తెరుచుకోవాలి. ఫ్రీక్వెన్సీ తగ్గడం చూసి డ్రైవ్ తనంతట తాను లోడు తగ్గించుకునే రెండో రక్షణ కూడా పెట్టండి, ఎందుకంటే ఆ సంకేతం మోసుకొచ్చే తీగ కూడా తెగవచ్చు. ఒకటి చెప్పాలి, ఇరుకు జలాల్లో మూడో జనరేటర్‌ను కూడా నడపమనడం దీనికి సులభమైన జవాబు, మేమూ అదే సలహా ఇస్తాం. కానీ 1,450 కిలోవాట్లను మూడు పంచుకుంటే ఒక్కోదాని వంతు 48 శాతం, థ్రస్టర్ ఆగితే ఇంకా తక్కువ. డీజిల్ ఇంజన్లు 30 శాతం కింద గంటల తరబడి నడిస్తే ఎగ్జాస్టులో మసి, కాలని నూనె పేరుకుంటాయి. అందుకే జనరేటర్ల సైజును ఎంచుకునే రోజే ఈ స్థితిని లెక్కలోకి తీసుకోవాలి. మూడు సమానమైన యంత్రాలకు బదులు రెండు పెద్దవి, ఒక చిన్నది సరిపోయే ఓడలు చాలానే ఉన్నాయి.

ఇక అసలు విషయం, సమాంతరంగా నడుస్తున్న జనరేటర్లు. ఒకటి చెడితే అది పక్కకు తప్పుకుంటుంది, మిగిలినవి నడుస్తాయి అన్నది మనందరి ఊహ. చాలాసార్లు జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. ఒక ఇంజనుకు ఇంధనం ఎంత పోవాలో నిర్ణయించే ఫ్యూయల్ ర్యాక్ నిండుగా తెరుచుకున్న చోట బిగుసుకుపోయిందనుకోండి. అది ఉన్న లోడంతా తానే లాక్కుంటుంది. మిగిలిన ఇంజన్ల వేగాన్ని అదుపుచేసే గవర్నర్లు, వేగం పెరుగుతోందని ఇంధనం తగ్గించుకుంటూ పోతాయి. చివరికి అవి మోటార్లలా తిరగడం మొదలవుతుంది. డీజిల్ జనరేటర్‌కు శక్తి వెనక్కి ప్రవహిస్తే పనిచేసే రివర్స్ పవర్ రక్షణ 8 నుంచి 15 శాతం మధ్య, కొన్ని సెకన్ల ఆలస్యంతో ఉంటుంది. అది పనిచేసి ఆరోగ్యంగా ఉన్న జనరేటర్లను ఒక్కొక్కటిగా బయటికి తోసేస్తుంది. చివరికి మిగిలేది జబ్బుపడిన యంత్రం ఒక్కటే, అది ఓవర్‌స్పీడ్‌తో ఆగిపోతుంది. ఓడ చీకటి. వోల్టేజి వైపు కూడా ఇదే కథ. వోల్టేజిని నిలకడగా ఉంచే ఏవీఆర్ ఒకదాని వోల్టేజి సెన్సింగ్ ఫ్యూజు పోతే ఆ యంత్రం ఉత్తేజం (అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే కరెంటు) ఆకాశానికి ఎగబాకుతుంది, మిగిలినవి రియాక్టివ్ శక్తిని (పని చేయకుండా అయస్కాంత క్షేత్రాలకే పోయే శక్తిని) మింగుతూ ఫీల్డ్ పోయిందన్న రక్షణతో ట్రిప్ అవుతాయి.

ఏ రిలే తన యంత్రాన్ని మాత్రమే చూస్తుందో అది ఈ తప్పును పట్టుకోలేదు. గవర్నర్ ఆదేశానికీ ఇస్తున్న కిలోవాట్లకూ, ఏవీఆర్ ఆదేశానికీ ఇస్తున్న కిలోవార్‌కూ (రియాక్టివ్ శక్తి కొలతకూ) పొంతన ఉందా అని అన్ని యంత్రాలనూ పక్కపక్కన పెట్టి పోల్చే రక్షణ కావాలి. పొంతన తప్పితే మొదట బస్‌బార్‌ను రెండు సగాలుగా విడదీసే బస్‌టై బ్రేకర్ తెరుచుకోవాలి, తర్వాత తప్పు చేస్తున్న యంత్రం. అప్పుడు కనీసం సగం ఓడకైనా వెలుగు మిగులుతుంది. లంగరు లేకుండా థ్రస్టర్లతో ఒకే చోట నిలిచే డైనమిక్ పొజిషనింగ్ ఉన్న ఓడల్లో ఈ రక్షణ చాలాకాలంగా అమర్చుతున్నారు. ప్రయాణికులను మోసే ఓడలకూ, ప్రమాదకర సరుకు మోసే ఓడలకూ అది ఎందుకు అక్కర్లేదో మాకు అర్థం కాదు.

కంటికి కనిపించని ఉమ్మడి తాడు ఇంకోటి 24 వోల్టుల కంట్రోల్ సరఫరా. రెండు బ్యాటరీ చార్జర్లు, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే రెండు డయోడ్లు, రెండిటినీ కలిపి ఒక ప్యానెల్‌కు ఇచ్చి, దానికి రెండు సరఫరాలున్నాయని రాస్తారు. ఆ ప్యానెల్ లోపల ఒక సోలెనాయిడ్ (విద్యుత్ కాయిల్) షార్ట్ అయితే రెండు సరఫరాల వోల్టేజీ ఒకేసారి కుంగుతుంది, ఎందుకంటే డయోడ్ ఒక సరఫరాను ఇంకోదాని నుంచి కాపాడుతుందే తప్ప దిగువన జరిగే లోపం నుంచి కాపాడదు. చిన్న బ్రేకర్ లేదా ఫ్యూజు తెగేదాకా ఉన్న ఆ కొన్ని పదుల మిల్లీసెకన్లలో గవర్నర్ కంట్రోలర్లు, ఇంజను భద్రతా యూనిట్లు, బ్రేకర్ రిలేలు రీసెట్ అయితే జనరేటర్లన్నీ ఒకేసారి పడిపోతాయి. ఒక్కో జనరేటర్‌కు దాని సొంత చార్జర్, సొంత బ్యాటరీ ఇవ్వండి. ఒకదాని సరఫరా నుంచి ఇంకోదానికి దాటి వెళ్లే తీగలు తప్పనిసరైతే ఒక్కో కంట్రోలర్ ముందు విడిగా డీసీ నుంచి డీసీకి మార్చే కన్వర్టర్ పెట్టండి, అది దిగువ వోల్టేజి కుంగుదలను పైకి పాకనివ్వదు. డ్రాయింగ్ ఆమోదించే అధికారులను మేము కోరేది ఇదే: 24 వోల్టుల పంపిణీ డ్రాయింగును 440 వోల్టుల డ్రాయింగుతో సమానంగా చదవండి. ఇప్పుడు అది దొంతరలో ఆఖరి పేజీగా వస్తోంది.

ఇంధనమూ అలాంటిదే. సోలాస్ ప్రతి రకం ఇంధనానికీ రెండు సర్వీస్ ట్యాంకులుండాలంటుంది, ఒక్కొక్కటి ఎనిమిది గంటలకు సరిపడేలా. మంచి నియమమే. కానీ రెండు ట్యాంకుల నుంచి వచ్చే గొట్టాలు ఒకే ఫిల్టర్ గుండా, ఒకే బూస్టర్ పంపుల జత గుండా పోతే నీళ్లు కలిసిన ఇంధనం అన్ని జనరేటర్లనూ ఒకేసారి ఆపుతుంది. రేవులోకి వచ్చేటప్పుడు కనీసం ఒక జనరేటర్ వేరే ట్యాంకు, వేరే ఫిల్టర్ నుంచి తాగేలా గొట్టాలు వేయండి. లూబ్ ఆయిల్‌కు (కందెన నూనెకు) ప్రయాణికుల ఓడ వైకింగ్ స్కై ఉదంతం చాలు. 2019 మార్చి 23న నార్వే తీరంలోని హుస్తాద్‌వికాలో తుపానులో 1,373 మందితో ఉన్న ఆ ఓడలో నడుస్తున్న జనరేటర్లన్నీ ఆగిపోయాయి. ఇంజన్ల కింద నూనె నిలిచే సంప్ ట్యాంకుల్లో నూనె తక్కువగా ఉంది, ఓడ ఊగేటప్పుడు పంపు నూనెకు బదులు గాలి పీల్చింది, తక్కువ ఒత్తిడి రక్షణ ఇంజన్లను ఆపింది. ఉన్న నాలుగింటిలో ఒకటి అప్పటికే చెడిపోయి ఉంది. ఇంజన్లు 22.5 డిగ్రీల ఊగులాటలోనూ నడవాలని క్లాస్ నియమాలు అంటాయి. మరి ఏ నూనె మట్టం దగ్గర నడవాలి? ఆ అంకె నియమంలో కాదు, ఓడ అలారం సెట్టింగులో ఉండాలి, అదీ వాతావరణం చెడకముందే కూయాలి.

ఇప్పుడు షార్ట్ సర్క్యూట్ లెక్కలు. ఇక్కడ అందరూ గరిష్ఠ విలువకే లెక్క కడతారు. 1,000 కిలోవాట్లు, 0.8 పవర్ ఫ్యాక్టర్, 440 వోల్టుల జనరేటర్ పూర్తి కరెంటు 1,640 ఆంపియర్లు. తొలి క్షణంలో జనరేటర్ లోపలి అడ్డంకిని చెప్పే సబ్‌ట్రాన్సియెంట్ రియాక్టెన్స్ 15 శాతమైతే లోపం జరిగిన తొలి క్షణంలో ఒక్కో యంత్రం సుమారు 11 కిలోఆంపియర్లు పంపుతుంది. మూడూ కలిస్తే 33, నడుస్తున్న మోటార్లు తమ వంతు జోడిస్తాయి. బ్రేకర్ తెంపగల శక్తిని దీన్ని బట్టి ఎంచుకుంటారు, సరే. కానీ రాత్రి రేవులో ఒక్క జనరేటరే నడుస్తుంది. అది పంపే 11 కిలోఆంపియర్లు కొద్ది సైకిళ్లలోనే కరిగి, ఏవీఆర్ నిలబెట్టే సుమారు మూడు రెట్ల స్థాయికి, అంటే 4,900 ఆంపియర్ల దగ్గరికి వస్తుంది. ఓడలో ఒక భాగానికి కరెంటు పంపే 800 ఆంపియర్ల ఫీడర్ బ్రేకర్ తక్షణ ట్రిప్‌ను పది రెట్లకు, 8,000 ఆంపియర్లకు సెట్ చేసి ఉంటే, పొడుగాటి కేబుల్ చివర జరిగే లోపానికి అది కదలదు. జనరేటర్ బ్రేకర్ స్వల్పకాల ట్రిప్ 0.4 సెకన్ల ఆలస్యంతో ముందుగా తెరుచుకుంటుంది. ఎక్కడో ఒక ఫ్యాన్ ప్యానెల్‌లో లోపానికి మొత్తం ఓడ చీకటవుతుంది. రక్షణ సమన్వయ పత్రంలో అత్యధిక, అత్యల్ప కరెంట్ల గీతలు రెండూ కనిపించాలి. అత్యల్ప గీత లేని పత్రాన్ని ఆమోదించవద్దని క్లాస్ సొసైటీలను కోరుతున్నాం.

వోల్టేజి పడిపోతే బ్రేకర్‌ను తెరిచే అండర్‌వోల్టేజి రిలీజుల మీద ఒక మాట. షార్ట్ సర్క్యూట్ ఉన్నంతసేపూ బస్‌బార్ వోల్టేజి దాదాపు సున్నా. ఆలస్యం లేని అండర్‌వోల్టేజి కాయిల్ జనరేటర్ బ్రేకర్‌కు ఉంటే, కింది బ్రేకర్ లోపాన్ని తెంపేలోగానే జనరేటర్లు బయటికి పోతాయి. స్వల్పకాల ట్రిప్ కంటే కాస్త ఎక్కువ ఆలస్యం ఇవ్వాలి. మోటార్లను కరెంటుకు కలిపే కాంటాక్టర్లు ఎలాగూ వదిలేస్తాయి, వాటిని వరసగా తిరిగి పట్టుకోవాలి. డాలిలో జరిగింది ఇదే కుటుంబానికి చెందిన లోపం: ఒకే తీగ మీద ఒక బ్రేకర్ ప్రాణం. ట్రాన్స్‌ఫార్మర్లు రెండు పెట్టినప్పుడు ఒకటి పడితే రెండోది దానంతటది అందుకునేలా ఆటోమేటిక్ మార్పిడి ఉండాలి, దాన్ని మాన్యువల్‌లో వదిలి ప్రయాణించకూడదు. ట్రాన్స్‌ఫార్మర్‌ను మొదటిసారి కలిపేటప్పుడు పూర్తి కరెంటుకు ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు లాగుతుంది కాబట్టి ముందుగా అయస్కాంతీకరించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గానీ, రెసిస్టర్ గానీ లేకపోతే ఒకే జనరేటర్ ఉన్నప్పుడు ఆ మార్పిడే కొత్త బ్లాకౌట్‌కు కారణమవుతుంది.

టెర్మినళ్ల పని చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఒక ఓడలో వేల టెర్మినళ్లుంటాయి. తీగ చివర తొడిగే చిన్న లోహపు గొట్టం, ఫెర్రూల్, తీగ సైజుకు సరిపోవాలి, సరైన క్రింపింగ్ పనిముట్టుతోనే నొక్కాలి. నంబరు పట్టీ ఫెర్రూల్ ప్లాస్టిక్ అంచుకు వెనకే ఆగాలి. బిగించాక ప్రతి తీగనూ చేత్తో లాగి చూడాలి. రాగి బస్‌బార్ జాయింట్లకు టార్క్ రెంచ్ వాడి, బోల్టు తల మీద రంగు గీత గీయాలి. మొదటి ఆరు నెలల్లో లోడు ఉన్నప్పుడు థర్మల్ కెమెరాతో చూస్తే వదులైన పవర్ జాయింట్లు కనిపిస్తాయి. ఒక హెచ్చరిక: సిగ్నల్ తీగల్లో కరెంటు మిల్లీఆంపియర్లలోనే ఉంటుంది, కాబట్టి వదులైనా వేడెక్కవు, కెమెరాకు దొరకవు. వాటికి చేత్తో లాగి చూడటమే పరీక్ష.

డ్రైవ్‌లు ఎక్కువున్న ఓడలకు హార్మోనిక్స్, అంటే విద్యుత్ తరంగాన్ని వంకరచేసే అదనపు ఫ్రీక్వెన్సీల సంగతి. ఏసీని డీసీగా మార్చే ఆరు పల్సుల రెక్టిఫయర్ ఐదో, ఏడో హార్మోనిక్‌ను గట్టిగా పుట్టిస్తుంది. పన్నెండు పల్సులు వాటిని చాలావరకు చంపేస్తాయి. మొత్తం వోల్టేజి వక్రత 8 శాతం దాటకూడదన్నది క్లాస్ సొసైటీల ఉమ్మడి నియమం. ఫిల్టర్లతో ఆ అంకెను చేరుకున్న ఓడలో ఫిల్టర్ పోతే ఏమవుతుందో లెక్క ఉండాలి. 2010 సెప్టెంబర్ 23న బార్సిలోనా సమీపంలో ప్రయాణికుల ఓడ క్వీన్ మేరీ 2 వెనుక భాగంలోని ఫిల్టర్ గదిలో కెపాసిటర్ పేలి, ఓడ మొత్తం కరెంటు పోయి, చోదక శక్తి లేకుండా తేలిపోయింది. కెపాసిటర్లు పాడవుతున్నాయని చెప్పాల్సిన అసమతుల్యత పసిగట్టే ఏర్పాటు పనిచేయడం లేదని దర్యాప్తులో తేలింది. అలారం ఉంది. అది బతికే ఉందో లేదో చూసే ఏర్పాటు లేదు.

ఇక ఎమర్జెన్సీ జనరేటర్. 45 సెకన్లలోపు అది లేచి బస్‌బార్‌కు అందాలి. సరుకు ఓడల్లో 18 గంటలు, ప్రయాణికుల ఓడల్లో 36 గంటలు నడవాలి. స్టార్టింగ్ శక్తి వరసగా మూడు ప్రయత్నాలకు చాలాలి, 30 నిమిషాల్లో ఇంకో మూడింటికి రెండో వనరు ఉండాలి. ఇవన్నీ మీకు తెలుసు. వారానికోసారి దాన్ని లోడు లేకుండా ఐదు నిమిషాలు తిప్పి లాగ్‌బుక్‌లో టిక్కు పెడుతున్నారు. ఆ టిక్కు ఇంజను తిరుగుతుందని చెబుతుంది, అంతే. గాలి లోపలికి వచ్చే లౌవర్లు వాటంతటవి తెరుచుకున్నాయా, బ్రేకర్ మూసుకుందా, మెయిన్ స్విచ్‌బోర్డు నుంచి వచ్చే ఇంటర్‌కనెక్టర్ తెరుచుకుందా, సెలెక్టర్ ఆటోలో ఉందా అనేది చెప్పదు. సరైన పరీక్షకు ఖర్చు లేదు: మెయిన్ స్విచ్‌బోర్డులో ఎమర్జెన్సీ ఫీడర్ బ్రేకర్ తెరవండి, స్టాప్‌వాచ్ పట్టండి. స్టీరింగ్ పంపు మళ్లీ మొదలై చుక్కాని కదిలే క్షణం దాకా లెక్కించండి. చుక్కాని కాండం వ్యాసం 230 మిల్లీమీటర్లు మించిన ఓడలకు 45 సెకన్లలో ప్రత్యామ్నాయ శక్తి అందాలన్న నియమం ఉంది. స్టీరింగ్ మోటార్‌కు ఓవర్‌లోడ్ ట్రిప్ ఉండకూడదు, అలారం మాత్రమే. కొత్త డ్రైవ్‌లు అమర్చేటప్పుడు వాటి లోపల దాక్కున్న థర్మల్ ట్రిప్‌ను ఆపడం మరిచిపోతున్నారు.

తిరిగి వెలిగే వరస మీద ఇంకా శ్రద్ధ కావాలి. స్టాండ్‌బై జనరేటర్ చీకటి బస్‌బార్ మీద మూసుకున్నాక ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఒక్క పేజీలో ఉండాలి: జనరేటర్లకే ఇంధనం ఇచ్చే పంపు సున్నా సెకనులో, తర్వాత స్టీరింగ్, ప్రధాన ఇంజను లూబ్ ఆయిల్, కూలింగ్ నీళ్లు, ఇంజను గది ఫ్యాన్లు, ఒక్కొక్కటి నాలుగైదు సెకన్ల ఎడంతో. నేరుగా పూర్తి వోల్టేజికి కలిపే (డీఓఎల్) మోటార్ ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి అన్నీ కలిసి లేస్తే వోల్టేజి 20 శాతానికి మించి కుంగి మళ్లీ పడిపోతుంది. ఈ వరసలో లేని పంపు దేన్నీ సముద్రంలో వాడుకలో పెట్టకూడదు. డిజైన్ చేసినవాళ్ల ఊహలో లేని పంపును సిబ్బంది వాడుతుంటే ఆ విషయం చీకటైన తర్వాతే బయటపడుతుంది.

ఓడను అప్పగించే ముందు సముద్రంలో జరిపే పరీక్షల్లో, అంటే సీ ట్రయల్స్‌లో చేయాల్సినవి ఇవి. రేవు ప్రవేశ లోడు నిజంగా ఉన్నప్పుడు, థ్రస్టర్ తిరుగుతుండగా, నడుస్తున్న ఒక జనరేటర్ బ్రేకర్ తెరవండి. మరో రోజు ఒక గవర్నర్‌ను ఉద్దేశపూర్వకంగా నిండుగా తెరిచి, ఏది ట్రిప్ అవుతుందో రాసుకోండి. ఒక్కో 24 వోల్టుల చార్జర్‌నూ, ఒక్కో పీఎల్‌సీ (కంట్రోల్ కంప్యూటర్) సరఫరానూ విడివిడిగా తీయండి. చివరగా మొత్తం ఓడను చీకటి చేసి, ఎవరూ చెయ్యి పెట్టకుండా ప్రధాన ఇంజను మళ్లీ స్టార్ట్‌కు సిద్ధమయ్యే దాకా చూడండి. ఫ్రీక్వెన్సీ, వోల్టేజి, కిలోవాట్ల గీతలను మిల్లీసెకన్ల రికార్డర్‌తో పట్టి, ఆ రికార్డును ఓడతో పాటు యజమానికి అప్పగించండి. అయిదేళ్లకు డ్రై డాక్ తర్వాత అదే పరీక్ష మళ్లీ చేసి, పాత గీత మీద కొత్త గీత పెట్టి చూడగలగాలి. యజమానులు నిర్మాణ ఒప్పందంలోనే ఈ పరీక్షల పేర్లు, కావలసిన సమయాలు రాయాలి, ఎందుకంటే ఒప్పందంలో లేని పరీక్షకు ట్రయల్స్ రోజున షిప్‌యార్డు సమయం ఇవ్వదు.

ఇట్లు,
ఓడల విద్యుత్ వ్యవస్థల డిజైన్, కమిషనింగ్ పనిలో ఉన్న ఇంజనీర్లు